కూర్మనాథం మూసిన చిల్లు

యాంగోన్‌లో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, రైలు స్టేషను వెనక మా తెలుగువాళ్ల వీధిలో, చిరిగిన బట్టతో ఎవరూ తిరగరు. మేమేదో కలిగినవాళ్లమని కాదు. వీధి మొదట్లో కూర్మనాథం కుట్టుమిషను ఉంది, అదీ సంగతి. ఆ మిషను దాటి వెళ్లేవాళ్ల మొహం ఆయన చూడడు. చొక్కా చూస్తాడు. చంక కింద కుట్టు ఊడినా, లుంగీ అంచు పీలిక లేచినా, "ఇలా రా" అని పిలిచి, నిలబెట్టి, ఒంటిమీదుండగానే కుట్టేస్తాడు. డబ్బు తీసుకోడు. తీసుకుంటే వద్దనైనా అనేవాళ్లం. ఊరికే చేస్తాడు కాబట్టి ఏమీ అనడానికి లేదు.

మేమంతా ఆయన్ని నాథం మావ అంటాం. వాళ్ల నాన్న బోటాటౌంగ్ రేవులో బియ్యం బస్తాలు మోసిన మనిషి. చిన్నప్పుడు నాథం మావ బడికి వేసుకెళ్లిన నిక్కరుకి వెనక గోనె రంగు అతుకు ఉండేదట. తోటి పిల్లలు ఆయన పేరు మానేసి 'గోనె' అని పిలిచేవాళ్లట. బల్ల మీంచి లేవాలంటే పలక వెనక్కి పెట్టుకుని లేచేవాడినని ఆయనే ఒకసారి చెప్పాడు. నవ్వుతూ మొదలుపెట్టాడుగానీ చివరికొచ్చేసరికి నవ్వు లేదు. ఆ సిగ్గే ఆయన్ని దర్జీని చేసింది. మామూలు దర్జీ కూడా కాదు. చిరిగిన చోట అదే గుడ్డ లోపలి మడతలోంచి పోగులు లాగి, సూదితో ఒక్కొక్కటే అల్లి, చిరుగు ఎక్కడుందో కట్టుకున్నవాడికే తెలియకుండా చేసే రఫూ పని ఆయనది. యాంగోన్ మొత్తంలో ఆ పని అలా చేసేవాళ్లు ఇప్పుడు ఎందరున్నారో నాకు తెలియదు.

ఆ పట్టుదల ఎంతవరకూ వెళ్లిందంటే, చివరింటి రాజా మోకాళ్ల దగ్గర కావాలని చింపి అమ్మే జీన్సు ఒకటి కొనుక్కుని, పొడవు తగ్గించమని ఇచ్చాడు. పొడవు తగ్గింది. రెండు మోకాళ్లూ మూసుకుపోయాయి కూడా.

"ఏటి సేసినావు మావా! అది ఫేషను మావా!" అని రాజా గోలపెట్టాడు.

"ఫేషనేట్రా? నీ మోకాళ్లు ఊరందరికీ సూపించుకోడమా?" అన్నాడు నాథం మావ. అక్కడితో ఆగకుండా, "మీ అమ్మ సూస్తే ఏడుస్తాది" అని కూడా అన్నాడు.

మేము వారం రోజులు నవ్వుకున్నాం. ఆయన మాత్రం తను చేసిందాంట్లో తప్పేమిటో తెలుసుకోలేదు. అప్పుడే తెలుసుకుని ఉంటే బాగుండేది.

చలికాలం మొదట్లో ఊ సాన్ లిన్ గారు వచ్చారు. ఎనభై దాటిన మనిషి, ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పినాయన. నాథం మావ ఆయన్ని సయాజీ అంటాడు, పెద్ద మాస్టారు అన్నట్టు. ఆయన మావని కో నాథం అంటారు, నాథం అన్నా అన్నట్టు. ఇద్దరూ బర్మా భాషలో మాట్లాడుకుంటారు. ఆ రోజు సయాజీ కాగితం సంచీలోంచి ఒక కోటు తీశారు. ముదురు నీలం ఉన్ని కోటు, ఇత్తడి బొత్తాలు, రొమ్ము జేబు మీద జరీతో కుట్టిన కాలేజీ గుర్తు, ఆ గుర్తు కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టిన రెండు తెడ్లు. సయాజీ చదువుకునే రోజుల్లో కాలేజీ పడవ జట్టులో తెడ్డు వేసేవారట.

"ఈ బొత్తాం ఊడేలా ఉంది, కో నాథం. బిగించి పెడతావా? ఈ ఆదివారం కాక పై ఆదివారం వేసుకోవాలి" అన్నారాయన.

అంతే అడిగారు. ఒక్క బొత్తాం.

సయాజీ వెళ్లాక నాథం మావ కోటుని మిషను మీద పరిచి చూశాడు. చూసి, నిజంగా బాధపడ్డాడు. చేతుల అంచులు పీలికలైపోయాయి. కింది అంచంతా ఎప్పటిదో బురద మరక. బొత్తాలు నల్లబడ్డాయి. అన్నిటికీ మించి జేబు గుర్తుకి కాస్త కింద, చిటికెన వేలు పట్టేంత చిల్లు, చుట్టూ కాలిన అంచు. ఇంత చదువుకున్న మనిషి, ఇలాంటి కోటు వేసుకుని నలుగురిలోకి వెళ్తారా? పింఛను డబ్బులతో బతికే ముసలాయన, అడగడానికి మొహమాటపడి బొత్తాం మాటే చెప్పి ఉంటారు. నాథం మావకి అలా అనిపించింది. పలక వెనక పెట్టుకుని లేచినవాడికి అలా కాక ఇంకెలా అనిపిస్తుంది?

ఆ వారం ఆయన వేరే పని ముట్టుకోలేదు. చేతుల అంచులు లోపలికి తిప్పి కుట్టాడు. మరకని సబ్బు నురగతో ఒత్తి ఒత్తి తీశాడు. బొత్తాలని చింతపండుతో తోమాడు. చిల్లు దగ్గర కాలిన పోగులన్నీ కత్తిరించి, శుభ్రం చేసుకుని, కోటు లోపలి మడతలోంచి అదే ఉన్ని పోగులు లాగి అల్లాడు. కరెంటు ఉన్నంతసేపూ దీపం కింద, లేనప్పుడు గుమ్మంలో కూర్చుని అల్లాడు. ఇంత బాగా జీవితంలో ఎప్పుడూ అల్లలేదని ఆయనే అన్నాడు. నేను చూశాను, నిజమే. వేలు పెట్టి తడిమినా తెలియలేదు.

సయాజీ వచ్చి కోటు తొడుక్కున్నారు. అద్దం ముందు నిలబడ్డారు. ఆయన చెయ్యి దానంతటదే జేబు కిందికి వెళ్లింది. అక్కడ కాసేపు వెతికింది. తర్వాత చేతి అంచులు చూసుకున్నారు, కింది అంచు చూసుకున్నారు.

"చాలా బాగా చేశావు, కో నాథం" అన్నారు. "చాలా శ్రమపడ్డావు."

బొత్తానికి ఇవ్వాల్సినదానికంటే చాలా ఎక్కువ ఇవ్వబోయారు. మావ పుచ్చుకోలేదు. సయాజీ కోటు విప్పి, మడతపెట్టి, అదే కాగితం సంచీలో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ సాయంత్రం టీ కొట్టులో నాథం మావ గొప్పలు మేమందరం విన్నాం. "ఆ సిల్లెక్కడుండీదో కనిపెట్టినోడికి నా మిషనిచ్చేస్తాను" అన్నాడు.

రెండు రోజుల తర్వాత జయ వచ్చింది. జయ మా వీధి పిల్లే, సయాజీ ఇంట్లో వంట చేస్తుంది. మిషను ముందు నిలబడి, కొంగు నడుముకి దోపుకుని, అందరూ వినేలాగే అడిగింది.

"ఏటి సేసినావు మావయ్యా ఆ కోటుని?"

"ఏటి సేసినాను? కొత్తదాన్లాగ సేసినాను."

"అదే మరి. ఎవులు సెయ్యమన్నారు నిన్ను? ముసిలాయన అన్నం సరిగ్గా తింట్లేదు. ఆ కోటు ఒళ్లో ఎట్టుకుని కూకుంటన్నాడు."

అప్పుడు చెప్పింది. సయాజీకి ప్రాణస్నేహితుడు ఒకాయన ఉండేవాడు, కో ఎయ్ మౌంగ్. ఇద్దరూ ఒకే పడవలో తెడ్లు వేసేవాళ్లు. పందెం గెలిచిన రోజు, తడి బట్టలతోనే సయాజీని కావిలించుకుని, నోట్లో ఉన్న చుట్ట తీయడం మరిచిపోయాడు. ఆ చుట్ట కాల్చిన చిల్లు అది. కో ఎయ్ మౌంగ్ పోయి చాలా ఏళ్లయింది. ఆయన భార్య డో టిన్ న్వే ఉంది. ప్రతి చలికాలం ఒక ఆదివారం వాళ్లిద్దరూ ఇన్యా సరస్సు కట్ట మీద టీ కొట్టులో కలుసుకుంటారు. ఆమె సయాజీ కోటు చిల్లులో వేలు పెట్టి, మొగుణ్ని తిడుతుంది. "ఈ మనిషికి చుట్ట తప్ప లోకం లేదు" అంటుంది. ఇద్దరూ నవ్వుకుంటారు. టీ తాగి, ఎవరింటికి వాళ్లు వెళ్లిపోతారు.

"ఇప్పుడామెకి కళ్లు సరిగ్గా కనపడట్లేదు మావయ్యా" అంది జయ. "ఏలెట్టి తడుంకోడమే. ఆదోరం ఒచ్చి ఏటి తడుంకుంటాది? నీ అల్లికా?"

నాథం మావకి ముందు కోపం వచ్చింది. అందరికీ అంతే కదా, సిగ్గు రావడానికి ముందు కోపం వస్తుంది. "మరి సెప్పొచ్చు గదా! సూడగానే తిట్టొచ్చు గదా! బాగుందన్నాడే!" అని అరిచాడు.

"నీకు తెల్దేటి? ఆనాదే!" అంది జయ.

ఆనాదే అంటే ఇక్కడ పుట్టినవాళ్లెవరికీ చెప్పక్కర్లేదు. ఎదుటివాడి మొహం చిన్నబోతుందని తన కష్టం తాను మింగేయడం. బర్మావాళ్ల దగ్గర మేమూ నేర్చుకున్నాం, కాస్త తక్కువగా. సయాజీ చూపించింది అదే. నాథం మావ చెవులు ఎర్రబడ్డాయి. జయ వెళ్లాక మిషను మీద గుడ్డ కప్పేసి లోపలికి వెళ్లిపోయాడు. పట్టపగలు ఆ మిషను మీద గుడ్డ ఉండగా మేమెప్పుడూ చూడలేదు.

ఆయన భార్య రాజ్యం అత్తది ఒకటే మాట. "ఎల్లు. ఎల్లి కాళ్లట్టుకో."

వెళ్లాడు. బస్సు దిగి సయాజీ ఇంటి గేటు దాకా వెళ్లి, రోడ్డు చివరిదాకా వెనక్కి నడిచి, మళ్లీ వచ్చాడు. లోపలికి వెళ్లాక, కాళ్లు పట్టుకోవడం అటుంచి, నిజం చెప్పడానికే నోరు రాలేదు.

"ఒక బొత్తాం సరిగ్గా బిగించలేదేమోనని అనుమానం, సయాజీ. కోటు ఒకసారి ఇస్తారా?"

"అయ్యో, దానికోసం ఇంత దూరం వచ్చావా? బొత్తాలు బాగానే ఉన్నాయి. కూర్చో, టీ తాగు."

ఒకరికొకరు అబద్ధాలు చెప్పుకుంటున్నారని ఇద్దరికీ తెలుసు. వంటింట్లోంచి చూస్తున్న జయకీ తెలుసు. టీ తాగుతూ, మాటకి మాట ఉండాలి గనక, ఆ రోజుల్లో కాలేజీ కోట్ల గురించి చెప్పమన్నాడు నాథం మావ. అడక్కుండా ఉండాల్సింది. సయాజీ మొహం వెలిగింది. ఆయన మనసులో ఎవర్నీ ఎత్తిపొడవాలని లేదు, ఉత్సాహంగా చెప్పుకుపోయారు.

"అప్పట్లో మా కాలేజీలో కొత్త కోటు వేసుకోవడమంటే సిగ్గు, కో నాథం. పడవ పందెంలో దిగినవాడికే ఈ కోటు ఇచ్చేవారు. టై మీద గీతలు చూసి ఏ ఏడాది జట్టో చెప్పేసేవాళ్లం. జట్టులో కొత్తగా చేరిన కుర్రాళ్లు కోటుని పడవ చెక్కలకేసి రుద్దేవాళ్లు, పాతదానిలా కనపడాలని! చేతుల అంచులు పీలికలైతే అది పెద్దరికం. బొత్తాలు తోమితే నవ్వేవాళ్లం, బ్యాండు మేళంవాడివా అని. గెలిచిన రోజు తడిసిన కోటుని మాత్రం ఎప్పటికీ ఉతకకూడదు. ఆ బురద..."

అక్కడ ఆయన ఆగిపోయారు. ఎవరితో మాట్లాడుతున్నారో అప్పుడు గుర్తొచ్చింది. "ఆ, అవన్నీ కుర్ర వేషాలులే" అని బిస్కెట్ల పళ్లెం ముందుకి జరిపారు.

నాథం మావ బిస్కెట్టు తీసుకున్నాడు. కొరకలేకపోయాడు. అంచులు, బొత్తాలు, మరక. ఆయన చెప్పినవాటిలో తాను పాడుచేయంది ఒక్కటైనా మిగల్లేదు. ఒక బడిలో తాను అతుకు కనపడకుండా పలక అడ్డం పెట్టుకుంటే, ఇంకో చోట కలిగినవాళ్ల పిల్లలు మంచి కోట్లని చెక్కలకేసి రుద్దుకున్నారు. చిరుగు కూడా గొప్పగా ఉండొచ్చని ఆయనకి ఎవరు చెప్తారు? ఎవరూ చెప్పలేదు. అయినా ఆ బిస్కెట్టు చేతిలో పట్టుకుని, తానేదో దొంగతనం చేసి ఆ ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"కోటు ఇవ్వండి సయాజీ. ఆదివారం సరస్సు దగ్గరికి నేనే తెచ్చిస్తాను" అన్నాడు చివరికి, నేల చూస్తూ.

సయాజీ ఇచ్చారు. ఎందుకని అడగలేదు.

ఇంటికి వస్తూ, మా వీధిలో ఎప్పుడూ చుట్ట కాలుస్తూ కూర్చునే సింహాచలమ్మ దగ్గర చుట్ట ఒకటి అడిగి తెచ్చుకున్నాడు నాథం మావ. పుట్టి బుద్ధెరిగాక పొగ తాగని మనిషి! సింహాచలమ్మ తన చుట్ట నోట్లోంచి తీసి మరీ ఆశ్చర్యపోయింది. ఇంట్లో కోటుని బల్ల మీద పరిచి, చుట్ట అంటించి, దగ్గుతూ, నిప్పుని జేబు కిందికి తెచ్చాడు. రాజ్యం అత్త ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏటి సేస్తన్నావు?"

"ఉన్నదాన్ని ఉన్నట్టు సేసేత్తాను."

"సెయ్యలేవు. అది నువ్వెట్టిన సిల్లు అవుతాది. ఆ సచ్చిపోనాయన ఎట్టింది అవ్వదు. ఆ ముసిలమ్మ ఏలెట్టి నీ సిల్లు సూసుకుని నవ్వాలా? పాపం తగల్దేటి?"

నాథం మావ చుట్ట ఆర్పేశాడు. కుర్చీలో కూలబడి, మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. ఇది రాజ్యం అత్త చెప్పబట్టి నాకు తెలుసు. కత్తిరించి పారేసిన కాలిన పోగుల కోసం మిషను కింద వెతికాడట. అక్కడేముంటాయి, రోజూ ఊడ్చే చోటు. ఆఖరికి సూది తీసుకుని, తాను అల్లినదాన్ని తానే విప్పడం మొదలుపెట్టాడు. తన చేత్తో చేసిన అన్నిటికంటే మంచి పనిని పోగు తర్వాత పోగు లాగేశాడు. చేతుల అంచులు విప్పి పీలికలు వదిలేశాడు. బురద మరక తిరిగి రాదు. బొత్తాలు నల్లబడడానికి ఎన్నేళ్లు పడుతుందో. చిల్లు మాత్రం తిరిగి వచ్చింది. కాలిన అంచు లేదు, పైగా కత్తిరించినంత మేర పెద్దదైంది.

ఆదివారం నాథం మావ సరస్సు కట్ట మీదికి అందరికంటే ముందే వెళ్లి నిలబడ్డాడు. ఆమెతో చెప్పాల్సిన మాట దారంతా మననం చేసుకున్నాడు. అమ్మా, ఇది మీ ఆయన పెట్టిన చిల్లు కాదు, నేను పాడుచేశాను, క్షమించండి. బర్మా భాషలో అంతకంటే మర్యాదగా ఎలా చెప్పాలో కూడా ఆలోచించుకున్నాడు. సయాజీ గీతల టై కట్టుకుని వచ్చారు. కోటు తొడుక్కున్నారు. చెయ్యి జేబు కిందికి వెళ్లింది, చిల్లు దొరికింది, ఒక్క క్షణం ఆగింది. నాథం మావ వైపు చూసి తలూపారు.

డో టిన్ న్వేని మనవరాలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె కూర్చుంటూనే చెయ్యి చాచింది. సయాజీ ముందుకి వంగారు. సన్నటి వేళ్లు జేబు గుర్తు తడిమి, తెడ్లు తడిమి, కిందికి జారాయి. వేలు చిల్లులోకి వెళ్లింది. ఆమె నుదురు ముడిపడింది. ఇంకో వేలు పెట్టింది. అదీ వెళ్లింది.

"ఇదేమిటి? రెండు వేళ్లు పడుతున్నాయి!"

నాథం మావ ఒక అడుగు ముందుకి వేసి నోరు తెరిచాడు.

ఆమె నవ్వేసింది. కళ్లలో నీళ్లు వచ్చేంతగా నవ్వింది. "అయితే ఇంకా కాలుస్తూనే ఉన్నాడన్నమాట! అక్కడికెళ్లినా మానలేదు, సిగ్గులేని మనిషి!"

సయాజీ కూడా నవ్వారు. ఆయన నవ్వు నిజమైనదేనట. ఆ నవ్వుల మధ్య నాథం మావ నోరు తెరిచే ఉంది. చెప్తే ఆ నవ్వు అక్కడే ఆగిపోతుంది. చెప్పకపోతే ఆమె జీవితాంతం దర్జీ కత్తెరని మొగుడి చుట్ట అనుకుంటుంది. ఆయన నోరు మూసుకున్నాడు.

ఎవరో నిలబడి ఉన్నారని ఆమెకి తెలిసింది. "ఎవరాయన?" అని అడిగింది.

"కో నాథం. మా దర్జీ. నా కోటు చూసుకునేది ఈయనే" అన్నారు సయాజీ.

ఆమె మొహం ఆయనవైపు తిప్పి, రెండు చేతులూ జోడించింది. "మంచి మనిషివి నాయనా. నీ చేతికొచ్చినా ఈ చిల్లుని ముట్టుకోలేదు. ఇంకో దర్జీ అయితే కుట్టేసి ఉండేవాడు."

నాథం మావ ఆ దండం అందుకోలేక చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. టీ తాగమన్నారు. పని ఉందని చెప్పి కట్ట దిగి వచ్చేశాడు. ఇంటికొచ్చి రాజ్యం అత్తతో అంతా చెప్పి, "ఆమె రెండు తిట్లు తిట్టుంటే బాగుణ్ను. దండమెట్టినాది, రాజ్యం" అన్నాడట.

ఇప్పుడు ఆయన మిషను ముందునుంచి ఎవరైనా చిరిగిన చొక్కాతో వెళ్తే, పిలుస్తాడు. పిలిచి, సూది చేతిలో పట్టుకుని, "కుట్టమంటావా, ఉంచమంటావా?" అని అడుగుతాడు. మా కుర్రాళ్లకి అది పెద్ద తమాషా. "ఉంచు మావా, ఫేషను!" అని నవ్వుతూ వెళ్లిపోతారు. నాథం మావ నవ్వడు. తల వంచుకుని, సూదిని మళ్లీ సూదుల దిండుకి గుచ్చేస్తాడు.